హైస్పీడ్ బోట్ల ధర, వేగం పోల్చడం ఎలా?

2018 నవంబరులో కృష్ణలో ఎఫ్1హెచ్2ఓ పవర్‌బోట్ పోటీలు జరిగాక మా బెజవాడలో ప్రతి ఒక్కరూ బోట్ల నిపుణులైపోయారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు సిగరెట్, ఎంటీఐ, స్కేటర్ అనే బోటు కంపెనీల కొటేషన్లు నాకు వాట్సాప్‌లో పంపి, "బాబాయ్, ఏది కొనమంటావ్?" అని అడుగుతుంటారు. అందరూ చూసేది రెండే అంకెలు, ధర, టాప్ స్పీడు. తేమ చూడకుండా మిర్చి బస్తాకి రేటు కట్టినట్టుంటుంది ఆ యవ్వారం.

కావాల్సినవి: నోటుపుస్తకం, పెన్ను, జీపీఎస్ ఉన్న ఫోను. ఎక్సెల్ వద్దు. చేత్తో రాస్తేనే తప్పు కంటికి కనబడుతుంది.

మొదటి పని, కొటేషన్‌ని విడగొట్టడం. హల్ (అంటే బోటు ఒళ్లు), ఇంజన్లు, ప్రొపెల్లర్లు, ఫిట్టింగు, ట్రైలర్, పెయింటు, పన్నులు దేనికదే రాయండి. పెయింటు ఖర్చుని లెక్కలోంచి తీసేయండి, దానితో వేగం రాదు. క్యాటమరాన్‌నీ, అడుగు ఇంగ్లీషు V ఆకారంలో ఉండే వీ హల్‌నీ ఒకే పేజీలో రాయకండి. క్యాటమరాన్ రెండు హల్స్ మధ్య గాలిని పట్టి తేలుతుంది కాబట్టి అదే హార్స్‌పవర్‌కి ఎక్కువ పరిగెడుతుంది. అయినా కొనాల్సింది వీ హల్లే. అలలొచ్చిన రోజు ఎందుకో మీకే తెలుస్తుంది.

రెండోది వేగం. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి.

ముందు యూనిట్లు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు, ఒక మైలు అంటే 1.609. మా వేలువిడిచిన మేనల్లుడొకడు 85 నాట్ల బోటు వదిలేసి 95 మైళ్లదానికి అడ్వాన్సు కట్టబోయాడు. లెక్క కడితే మొదటిది 157 కిలోమీటర్లు, రెండోది 153. అంకె పెద్దదని మురిసిపోయాడు, అంతే.

తర్వాత బరువు. అమ్మేవాళ్లు ఇద్దర్ని ఎక్కించుకుని, ట్యాంకులో అడుగున కాస్త పెట్రోలుంచి స్పీడు చూపిస్తారు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే దాదాపు 750 కిలోలు, అంటే పది మంది మనుషులు. అందుకే ట్రయల్ సగం ట్యాంకుతో, మీ ఇంటిల్లిపాదితో అడగండి. పొద్దున్నే చేయండి. ఎండ ముదిరాక వేడి గాలికి ఇంజన్ బలం తగ్గుతుంది, మన మే నెల మధ్యాహ్నం తీసిన స్పీడుని చల్లటి చోట తీసినదాంతో పోల్చకూడదు. ప్రవాహానికి ఎదురు ఒకసారి, వాలున ఒకసారి తోలి సగటు తీయండి. బ్యారేజీ గేట్లెత్తినప్పుడు కిందికి వచ్చే బోటు ఏదైనా రాకెట్టే.

ఇప్పుడు ఆ అంకె నిజమో కాదో తేల్చాలి. ఇంజన్ ఆర్‌పీఎంని ప్రొపెల్లర్ పిచ్ (జారకపోతే ఒక్క చుట్టుకి ముందుకెళ్లే దూరం) అంగుళాలతో గుణించి, మళ్లీ 0.001524తో గుణించి, గేర్ నిష్పత్తితో (ప్రొపెల్లర్ ఒక్క చుట్టుకి ఇంజన్ తిరిగే చుట్లు) భాగించండి. ఆర్‌పీఎం 6000, పిచ్ 28, నిష్పత్తి 1.6 అయితే గంటకు 160 కిలోమీటర్లు వస్తుంది. నీళ్లలో ప్రొపెల్లర్ అస్సలు జారకపోతే రావాల్సిన వేగం అది. జీపీఎస్‌లో 142 చూపిస్తే 18 జారింది, అంటే 11 శాతం స్లిప్. వీ హల్‌కి అది నమ్మదగ్గ లెక్క. స్లిప్ రెండు శాతమనో, సున్నా అనో తేలితే పిచ్ తప్పు చెప్పి ఉండాలి, లేదా వేగం తప్పు చెప్పి ఉండాలి. బోటు డయల్లో చూసిన స్పీడు అసలు రాయకండి, జీపీఎస్ ఒక్కటే రాయండి. ఈ లెక్క వేస్తానంటే కొందరు అమ్మకందార్లకి ముఖం మాడుతుంది. మాడనివ్వండి.

యూట్యూబ్‌లో ధరను టాప్ స్పీడుతో భాగించి "ఒక్కో మైలుకి ఇంత" అంటారు. ఉత్త తెలివితక్కువ లెక్క. బరువు మారకుండా వేగం పది శాతం పెరగాలంటే హార్స్‌పవర్ సుమారు 21 శాతం పెరగాలి. 900 ఉన్నచోట 1090 కావాలి. చివరి పది మైళ్లకి పోసే డబ్బు మొదటి పది మైళ్లకి పోసినట్టు ఉండదు. అందుకే మీరు రోజూ తోలే వేగం దగ్గర లీటరుకి ఎన్ని కిలోమీటర్లొస్తుందో చూసి పోల్చండి.

పెట్రోలు ఖర్చు తేలికే. ఫుల్ థ్రాటిల్‌లో వంద హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 38 లీటర్లు. 900కి 340 లీటర్లు. లీటరు 110 అనుకున్నా గంటకు 37 వేలు. బోటుని ఇక్కడికి తెచ్చే ఆలోచనుంటే ఇంకో మాట, మెర్క్యురీ లాంటి ఇంజన్లకి పెట్రోలులో ఇథనాల్ పది శాతం మించకూడదు. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది ఇరవై శాతం.

చివరగా, ఇంజన్ విప్పి సర్వీసు చేయడానికి ఎన్ని గంటలకోసారి, ఎంత ఖర్చని రాతపూర్వకంగా అడగండి. రేసింగ్ ఇంజన్లలో అసలు ధర అక్కడ దాక్కుంటుంది. ఆ గంటల లెక్క ఇవ్వకపోతే ఆ పేజీ కొట్టేసి తర్వాతి కొటేషన్ తీయండి.