పేరు మారిన ఊరును డిజిటల్ పటంలో ఎలా సరిచేయాలి?

డల్లాస్‌లో ఉన్న మీ అన్నయ్య ఫోనులో గూగుల్ మ్యాప్స్ తెరిస్తే, అమెరికా, మెక్సికోల నడుమ ఉన్న సముద్రం పేరు గల్ఫ్ ఆఫ్ అమెరికా అని ఉంటుంది. హైదరాబాదులో మీరు అదే గూగుల్ మ్యాప్స్ తెరిస్తే గల్ఫ్ ఆఫ్ మెక్సికో, పక్కన కుండలీకరణాల్లో కొత్త పేరు. మెక్సికోలో పాత పేరు ఒక్కటే. 2025 జనవరి 20న ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వుతో అమెరికా ప్రభుత్వ పేర్ల జాబితా మారింది. అమెరికా పేర్లకు ఆ జాబితానే ప్రమాణంగా తీసుకునే గూగుల్, ఫిబ్రవరిలో తన పటాన్నీ మార్చింది.

1. అందుకే ఏ పేరునైనా తప్పు అనేముందు, మీకు కనిపిస్తున్నది ఏ దేశంవారికి చూపే పటమో తెలుసుకోండి. ఫోనులోని సిమ్, నెట్‌వర్క్, ప్రాంతం సెట్టింగులను బట్టి గూగుల్ దాన్ని నిర్ణయిస్తుంది.

2. పేరు మారిందనడానికి ప్రభుత్వ ఉత్తర్వు వెతకండి. పత్రికలో వచ్చిన ప్రతిపాదన చాలదు.

3. గూగుల్‌లో అయితే ఊరిని ఎంచుకుని సవరణ సూచించవచ్చు, నిర్ణయం వారిదే. ఎవరైనా సవరించగల ఉచిత పటమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరిచి మీరే మార్చవచ్చు. నాకు నచ్చేది ఈ పద్ధతే, ఎందుకంటే ఇక్కడ ఒక్క ఊరికి ఎన్ని పేర్లైనా నిలుస్తాయి. వాడుకలో ఉన్న ప్రధాన పేరు 'నేమ్' అనే గడిలో రాయాలి. పూర్తిగా వాడుక తప్పినది 'ఓల్డ్ నేమ్'లోకి, ఇంకా జనం నోట ఉన్నది 'ఆల్ట్ నేమ్'లోకి వెళ్తుంది. 2015లో రాజమహేంద్రవరం అధికారిక నామమైంది, కానీ రాజమండ్రి అనడం ఎవరు మానారు? దాన్ని పాతపేరుగా పక్కన పెట్టకండి, చెరిపేయడం అసలే వద్దు. తెలుగు లిపిలో రాయడానికి వేరే గడి ఉంది, అది ఖాళీగా ఉంటే తప్పక నింపండి. మన ఊళ్ల పేర్లు ఆంగ్ల అక్షరాల్లో మాత్రమే మిగలకూడదు.

4. మార్పును భద్రపరిచేటప్పుడు వ్యాఖ్యలో ఉత్తర్వు తేదీ, మీ కారణం రాయండి. ఎవరైనా మీ మార్పును వెనక్కి తిప్పితే మళ్లీ మార్చకుండా, ఆ సవరణ కిందే చర్చించండి.

5. సరిహద్దు గీతల జోలికి వెళ్లకండి. జమ్మూకశ్మీర్ సరిహద్దును గూగుల్ మన దేశంలో గట్టి గీతతో, బయట చుక్కల గీతతో చూపుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మాత్రం నేల మీద ఎవరి అధీనంలో ఉందన్నదే చూస్తుంది. ఆ గీతలున్న పటాన్ని మీ పుస్తకంలోనో సైటులోనో వేసేముందు దేశ పటాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ సర్వే ఆఫ్ ఇండియా పటంతో పోల్చండి. దానికి విరుద్ధమైన దేశ పటాన్ని ప్రచురించడం 1961 నాటి చట్టం కింద నేరం.