ఎండలు ముదిరేలోపే తేల్చుకోండి: ఉన్నట్టుండి ఆగిపోయే పాత కారుతో జాగ్రత్తలు

పాత కారు మొరాయించడంలో రెండు రకాలున్నాయి. పొద్దున్నే సెల్ఫ్ కొడితే అసలు లేవని బండి ఒక రకం. అది ఇంటి ముందే ఉంటుంది. మెకానిక్ వచ్చి చూస్తాడు, లోపం దొరుకుతుంది. రెండో రకం అసలైన తలనొప్పి. శుభ్రంగా నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. పది నిమిషాలాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే రోజంతా భేషుగ్గా నడుస్తుంది. మెకానిక్ ప్లగ్గులు మారుస్తాడు, మళ్లీ ఆగుతుంది. ప్లగ్గులకు కరెంటు పంపే కాయిల్ మారుస్తాడు, మళ్లీ ఆగుతుంది. ఆ తర్వాత పెట్రోల్ పంపు వంతు. జేబు ఖాళీ అవుతుంది గానీ జబ్బు అలాగే ఉంటుంది.

ఇలాంటి బండి చేతిలో ఉన్నవాళ్లు దాని సంగతి ఏప్రిల్ దాటకముందే తేల్చుకోవాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల మాటెలా ఉన్నా, పదిహేను, ఇరవై ఏళ్లనాటి కాయిళ్లు, సెన్సర్లు, రిలేలు (కరెంటును కలిపే, తెంచే స్విచ్‌లు) మాత్రం ఆ వేడికే చేతులెత్తేస్తాయి. రెంటచింతలలోనో రామగుండంలోనో బయటే 45 డిగ్రీలున్న మధ్యాహ్నం, ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో నిలబడ్డ కారు బానెట్ కింద పరిస్థితి ఊహించుకోండి. చలికాలంలో నెలకోసారి ఆగే బండి మేలో రోజుకోసారి ఆగడం మొదలుపెట్టేది అందుకే.

ఇక్కడ చెప్పేదంతా పెట్రోల్ కార్ల గురించి. మారుతి 800, జెన్, తొలి తరం ఆల్టో, పాత శాంత్రో లాంటివి. వీటిలో కొన్ని కార్బురేటర్ బళ్లు (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే పాత పద్ధతి), కొన్ని ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్క ప్రకారం ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే పద్ధతి). డీజిల్ బళ్ల గొడవ వేరు.

ఆగిన తీరే అసలు సాక్ష్యం

ఆగిన బండి మళ్లీ లేచిందంటే సాక్ష్యం చెరిగిపోయినట్టే. కాబట్టి ఇప్పటినుంచే డ్యాష్‌బోర్డు అరలో చిన్న పుస్తకం, పెన్ను పెట్టండి. ఆగిన ప్రతిసారీ నాలుగు ముక్కలు రాయండి: ఎంతసేపు నడిచాక ఆగింది, ఆ క్షణాన బండి ఏం చేస్తోంది, ఎలా ఆగింది, ఎంతసేపటికి మళ్లీ లేచింది. కొత్త పార్టు కొనడం కంటే ముందు ఇది చేయాలని నేను గట్టిగా చెబుతాను. మూడు నాలుగు సార్లు రాశాక చూస్తే, ఊరికే ఆగుతోందనుకున్న బండి ఒక పద్ధతి ప్రకారమే ఆగుతోందని తెలుస్తుంది.

ముందు చూడాల్సింది, టక్కున ఆగిందా, గునిసి గునిసి ఆగిందా అన్నది. మీటలు నొక్కి ఆపేసినట్టు ఒక్క క్షణంలో పోతే అది చాలావరకు కరెంటు వైపు లోపం: కాయిల్, క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కు చెప్పేది), ఇగ్నిషన్ స్విచ్, మెయిన్ రిలే, ఎక్కడో వదులైన కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు). పికప్ తగ్గి, కుదుపులిచ్చి, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా అందుకోక పోతే పెట్రోల్ అందట్లేదన్నమాట: ఫిల్టర్, పంపు, ట్యాంకులో చెత్త, పెట్రోల్‌లో నీళ్లు.

రెండోది డ్యాష్‌బోర్డు దీపాలు. బండి గేర్‌లో దొర్లుతుండగానే ఇంజన్ పోయిందనుకోండి. బండి నిలిచాక ఎర్రటి బ్యాటరీ గుర్తు, ఆయిల్ గుర్తు వెలిగితే తాళం దాకా కరెంటు వస్తోందని అర్థం. అవి కూడా వెలగకుండా డ్యాష్‌బోర్డు మొత్తం చీకటైతే ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. బ్యాటరీ టెర్మినల్, మెయిన్ ఫ్యూజు, తాళం వెనక ఉండే ఇగ్నిషన్ స్విచ్, ఈ మూడింట్లోనే ఉంటుంది దొంగ. బరువైన తాళాల గుత్తి వేలాడదీసి ఏళ్లతరబడి నడిపిన బళ్లలో స్విచ్ అరిగి, గతుకు తగిలినప్పుడల్లా కరెంటు కట్ అవుతుంది. తాళాన్ని ఒంటరిగా పెట్టి వారం నడిపి చూడండి, ఖర్చు లేని పరీక్ష.

ఇంజన్ తిరిగే వేగం చూపే ఆర్పీఎం ముల్లు ఉన్న బండైతే ఇంకో మంచి ఆధారం ఉంది. గేర్‌లో ఉండి, చక్రాలు ఇంజన్ను తిప్పుతూనే ఉన్నా ముల్లు ఒక్కసారిగా సున్నాకి పడిపోతే, ఇంజన్ తిరుగుతున్న సంగతి కంప్యూటర్‌కు చేరట్లేదన్నమాట. ముందుగా అనుమానించాల్సింది క్రాంక్ సెన్సర్‌నూ దాని వైరింగునూ. ఆ సెన్సర్ లోపల సన్నని తీగ చుట్ట ఉంటుంది. వేడికి ఆ తీగ విడిపోతుంది, చల్లారాక మళ్లీ అతుక్కుంటుంది. ఇరవై నిమిషాలు ఆగితే బండి లేవడం వెనక మహిమ ఇదే. డెల్కో (ప్లగ్గులకు వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్) ఉన్న పాత బళ్లలో దాని లోపలి పికప్ కాయిల్, ఇగ్నైటర్ కూడా ఇదే రోగం చూపిస్తాయి.

సిగ్నల్ దగ్గర, స్లోలో మాత్రమే ఆగి, రోడ్డెక్కితే బాగుంటే దారి వేరు. ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీలో మసి పేరుకోవడం, ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) చూసుకునే వాల్వు ఇరుక్కోవడం, ఎక్కడో వాక్యూమ్ గొట్టం చిట్లి గాలి లాగడం చూడాలి. కార్బురేటర్ బండైతే స్లోలో పెట్రోల్ అందించే ఐడిల్ సోలనాయిడ్, స్లో జెట్. ఏసీ ఆన్ చేయగానే ఆగితే, ఏసీ బరువుకు తగ్గట్టు ఐడిల్ పెరగట్లేదన్నమాట. చాలామంది ఐడిల్ స్క్రూ తిప్పి పెంచేసి బాగైందనుకుంటారు. లోపం కప్పబడిపోతుందంతే, ఎండాకాలంలో మళ్లీ బయటికొస్తుంది.

వానలోనే ఆగేది ప్లగ్ వైర్ల, డెల్కో మూత వ్యవహారం. చీకట్లో బానెట్ ఎత్తి, స్లోలో నడుస్తున్న ఇంజన్ దగ్గర కాస్త దూరంగా నిలబడి చూస్తే, పగిలిన వైర్ల మీద నీలి మెరుపులు కనిపిస్తాయి. చేయి మాత్రం పెట్టకండి.

ఇంకో రకం ఆగుడు జనానికి త్వరగా తట్టదు. హైవే మీద ఓ గంట బాగా నడిచి, మెల్లగా శక్తి తగ్గి ఆగుతుంది. ఆగిన వెంటనే పెట్రోల్ ట్యాంక్ మూత తిప్పితే సుయ్‌మని గాలి లోపలికి పోయిన చప్పుడు వస్తుంది, బండి లేస్తుంది. మూతలోనో గొట్టంలోనో గాలి దారి మూసుకుపోయి, ట్యాంకులో వాక్యూమ్ ఏర్పడి, పంపు పెట్రోల్ లాగలేకపోతోంది. ఈ లోపాన్ని పంపు పోయిందని లెక్కగట్టిన సందర్భాలు తక్కువేం కాదు. ట్యాంకు అడుగున చెత్త ఉన్నా ఇలాగే ఉంటుంది: నడుస్తుంటే చెత్త జల్లెడకు అంటుకుంటుంది, ఆగితే రాలిపోతుంది.

గ్యాస్ కిట్ ఉందా? అయితే మీకో వరం. గ్యాస్ మీద ఆగిన వెంటనే పెట్రోల్‌కి మార్చి చూడండి. పెట్రోల్ మీద ఆగకుండా నడిస్తే లోపం కిట్ వైపే. రెండింటి మీదా ఆగితే కరెంటు వైపు. మరో మాట: గ్యాస్ ఉంది కదా అని ట్యాంకులో రెండు లీటర్లతో నెలలు గడిపితే, ఎంపీఎఫ్ఐ బళ్లలో పెట్రోల్‌లో మునిగి చల్లబడాల్సిన పంపు వేడెక్కి పాడవుతుంది. గ్యాస్ లేని బళ్లకూ ఇదే సూత్రం. వేసవంతా ట్యాంకు పావు వంతుకు తగ్గనివ్వకండి.

ప్రయాణానికి ముందు ఇంటి దగ్గర

చవకైనవి ముందు. బ్యాటరీ టెర్మినళ్లు విప్పి, పట్టిన తెల్లటి, పచ్చటి చిలుము గీకి, గట్టిగా బిగించండి. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర్లో నెగెటివ్. కానీ ఒక్క హెచ్చరిక: చెక్ ఇంజన్ దీపం వెలుగుతున్న బండిలో బ్యాటరీ విప్పే ముందే స్కానర్ (బండి కంప్యూటర్ దాచుకున్న లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టించండి. విప్పితే చాలా బళ్లలో దాచుకున్న కోడ్‌లు చెరిగిపోతాయి. పి0335 అని వస్తే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్, పి0505 అయితే ఐడిల్ కంట్రోల్. కోడ్ వచ్చింది కదా అని ఆ పార్టు కొనేయడమూ పొరపాటే. సెన్సర్ బాగుండి, దాని కప్లర్‌లో తుప్పు పట్టినా అదే కోడ్ వస్తుంది. పాత బళ్లలో మామూలు ఓబీడీ స్కానర్ కుదరకపోవచ్చు. ఆ కంపెనీ బళ్లు చూసే షెడ్డులోనే చూపించాలి.

బండి నిలబడి ఉండగా బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూసినప్పుడు 13 కిందికి జారుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ సంగతి చూడాలి. ఇంజన్ నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి వెళ్లే ఎర్త్ తీగల్ని కూడా విప్పి శుభ్రం చేయించండి. పాత బళ్లలో సగం దయ్యాలు ఈ ఎర్త్ తీగల్లోనే కాపురముంటాయి.

తర్వాత కదిలించి చూసే పరీక్ష. ఇంజన్ స్లోలో నడుస్తుండగా ఫ్యూజు బాక్సు, రిలేలు, సెన్సర్ల కప్లర్లు ఒక్కోటీ మెల్లగా కదపండి. ఏది కదిపితే ఇంజన్ తడబడుతుందో అక్కడే లోపం. ప్లగ్ వైర్లు, కాయిల్, ఫ్యాను, బెల్టుల జోలికి మాత్రం పోకండి. వదులు చొక్కా, చున్నీ, కొంగు బానెట్ దగ్గరికి రాకూడదు. మెయిన్ రిలే లోపల టంకం చిట్లితే వేడికి విడిపోతుంది, చల్లారితే కలుస్తుంది. అలాంటి రిలే మారిస్తే ఖర్చు కొద్దిపాటిదే.

వాక్యూమ్ గొట్టాల్లో చీలిక ఉందేమోనని కొందరు నడుస్తున్న ఇంజన్ మీద పెట్రోల్ చల్లుతారు. దయచేసి ఆ పని చేయకండి, మంటలొస్తాయి. గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టి ఐడిల్ మారుతుందేమో చూస్తే చాలు.

పెట్రోల్ గొట్టాలూ ఒకసారి తడిమి చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఈ పాత బళ్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలకుండా ఉన్న బండిలో నీళ్లు విడిపోయి ట్యాంకు అడుక్కి చేరొచ్చు. గట్టిపడి పగుళ్లిచ్చిన, లేదా ఉబ్బిన గొట్టం కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా మార్పించండి. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తులేకపోతే అదీ మార్చాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యమైనది: లోపాన్ని ఇంటి దగ్గరే బయటికి రప్పించడం. ఎండలో నిలిపి, ఏసీ వేసి, బానెట్ మూసి, ఓ అరగంట స్లోలో నడవనివ్వండి. చుట్టూ గాలాడే చోటే, షట్టరు వేసిన గ్యారేజీలో కాదు. వేడి ముల్లు మీద కన్ను ఉంచండి, ఎర్ర గీత వైపు వెళ్తే ఆపేయండి. అక్కడ ఆగితే అదృష్టమనుకోండి. వెంటనే తాళం ఆన్ చేసి, ఎంపీఎఫ్ఐ బండైతే వెనక సీటు కింద పంపు రెండు మూడు క్షణాలు గుయ్‌మంటుందేమో వినండి. వినిపించకపోతే పంపు, దాని రిలే, ఫ్యూజు. వినిపించినా బండి లేవకపోతే, స్పార్క్ వస్తోందో లేదో టెస్టర్‌తో మెకానిక్‌తో చూపించండి. ప్లగ్ వైరు పీకి బాడీకి ఆనించి మెరుపు చూసే పాత అలవాటు కంప్యూటర్ ఉన్న బళ్లలో వద్దు. షాకు సంగతి అటుంచి, ఈసీయూ అనే ఆ కంప్యూటరే పోయే ప్రమాదముంది.

దారిలో ఆగితే

ఇంజన్ పోయిన క్షణాన పవర్ స్టీరింగ్ ఉన్న బండిలో స్టీరింగ్ బరువెక్కుతుంది. పనిచేయడం మానదు, రెండు చేతులతో గట్టిగా తిప్పాలంతే. బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు నొక్కుళ్లకే సరిపోతుంది. అందుకే బ్రేకును పదేపదే పంపు కొట్టకండి. ఒక్కసారే నొక్కి పట్టి, బండి ఆగేదాకా వదలకండి. కంగారులో తాళాన్ని వెనక్కి పూర్తిగా తిప్పేస్తే స్టీరింగ్ లాక్ పడొచ్చు, ఇది అన్నిటికన్నా ప్రమాదం. హజార్డ్ లైట్లు వేసి, ఉన్న వేగంతోనే ఎడమ పక్కకు దించండి. క్షేమంగా నిలిచాకే మళ్లీ సెల్ఫ్.

హైవే మీద అయితే పిల్లల్నీ పెద్దల్నీ రోడ్డు పక్క రెయిలింగ్ అవతలికి పంపి, వెనక దూరంగా ట్రయాంగిల్ పెట్టండి. జాతీయ రహదారుల మీద సాయానికి 1033, ప్రాణాపాయమైతే 112. పెట్రోల్ వాసన వస్తుంటే మళ్లీ సెల్ఫ్ కొట్టనే కొట్టకండి. కార్బురేటర్ బండి వేడికి ఆవిరి లాక్ పడి (గొట్టంలో పెట్రోల్ ఆవిరై అడ్డుపడి) ఆగితే, బానెట్ ఎత్తి, పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి ఓపిక పట్టడం పాతకాలం డ్రైవర్ల ఉపాయం. ఇప్పటికీ పనిచేస్తుంది. అంతేగానీ కాగిన ఇంజన్ మీద చెంబుడు నీళ్లు గుమ్మరించొద్దు, రేడియేటర్ మూత తీయొద్దు.

రైలు పట్టాల మీద ఆగి, సెల్ఫ్ కొట్టినా లేవకపోతే ముందు అందరూ దిగిపోవాలి. రైలు జాడ లేకపోతే, డ్రైవర్ ఒక్కరే కూర్చుని మొదటి గేరులో పెట్టి, క్లచ్ వదిలేసి సెల్ఫ్ కొడితే స్టార్టర్ మోటారే చాలా పాత కార్లను కొన్ని అడుగులు లాగుతుంది. రైలు వస్తున్న సూచన కనిపిస్తే బండిని వదిలేయాల్సిందే.

ఘాట్ల సంగతి ప్రత్యేకం. హైదరాబాద్ నుంచి శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక నల్లమలలో చాలా దూరం ఫోన్ సిగ్నల్ ఉండదు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఆ దారి మూసేస్తారు. ఇలాంటి బండితో సాయంత్రం పూట అటు బయల్దేరడం తప్పు. తెల్లవారుజామున చల్లగా ఉండగానే కొండ ఎక్కేలా చూసుకోవాలి. మారేడుమిల్లి, అరకు ఘాట్లకీ ఇదే లెక్క. దిగేటప్పుడు పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదలకండి. గేరులో ఉంటే ఇంజన్ పోయినా అది బండిని పట్టి ఉంచుతుంది.

షెడ్డులో లోపం దొరికి బాగు చేశారనుకోండి. డబ్బు కట్టేముందు పాత పార్టు అడిగి తీసుకోండి, మీ పుస్తకంలో తేదీ రాయండి. అప్పుడెలాంటి పరిస్థితుల్లో ఆగిందో అలాంటి మధ్యాహ్నాలే ఎంచుకుని, ఊరి పొలిమేర దాటకుండా కొన్నిసార్లు తిప్పండి. అంతవరకు ఘాటు ఎక్కాల్సి వస్తే ఆర్టీసీ బస్సుంది.