బ్యాండ్ పిల్లలకు కచేరీ వీడియో ఎంతసేపు చూపించాలి?
బ్యాండ్ క్లాసులో ఎంత మంచి కచేరీ వీడియో పెట్టినా కాసేపటికే పిల్లలు కబుర్లలో పడిపోతుంటారు. మొత్తం పెట్టకండి. ఒకటిన్నర, రెండు నిమిషాల ముక్క చాలు, అదీ వాయిద్యాలు పెట్టెల్లోంచి తీయకముందే. చేతిలో ట్రంపెట్ ఉంటే వేళ్లు ఊరుకోవు.

ఆ ముక్కనే మూడుసార్లు పెట్టండి. మొదటిసారి ఏమీ చెప్పొద్దు. కళ్లప్పగించి చూస్తున్న పిల్లలకు మధ్యలో వివరణ అడ్డం. రెండోసారి ఎవరి వాయిద్యం వాయించేవాళ్లను వాళ్లే గమనించాలి: ఊపిరి ఎక్కడ తీసుకున్నారు, తమ వంతు రాకముందు వాయిద్యాన్ని ఎప్పుడు పైకెత్తారు. మూడోసారి స్క్రీన్ ఆపేసి శబ్దం మాత్రమే.

వెంటనే అందులోంచి ఒక్క విషయం అందరితో చేయించండి. ఫ్రెంచ్ స్వరకర్త రవెల్ 1928లో ఆర్కెస్ట్రా కోసం కూర్చిన 'బొలేరో' ఆరంభం దీనికి చాలా బాగుంటుంది. స్నేర్ డ్రమ్ (పుల్లలతో వాయించే చిన్న డ్రమ్) రెండు బార్ల (మన తాళంలో ఆవర్తనాల్లాంటివి) లయనే మళ్లీ మళ్లీ వాయిస్తుంటే, దాని మీద ముందు ఫ్లూట్, తర్వాత క్లారినెట్ అదే బాణీ అందుకుంటాయి. ఆ రెండు బార్లను తొడల మీద అరచేతులతో నిమిషం పాటు మెల్లగా తట్టించండి. వేగం దానంతటదే పెరిగిపోతుంది, ఆ డ్రమ్మర్ పనితనం అప్పుడు అర్థమవుతుంది.

ఒక్క జాగ్రత్త: ఫోన్ స్పీకర్‌తో ఇది కుదరదు. ఇంత సన్నటి ఆరంభం గదిలో వినపడదు, టూబా లాంటి మంద్ర వాయిద్యాలైతే అసలే మాయమవుతాయి. పెద్ద స్పీకర్‌ను వైరుతో కలిపి, గది చివర నిలబడి ముందే విని చూసుకోండి.