నాన్న బయాప్సీ రిపోర్టులో ముందు వెతకాల్సిన మాట

మా నాన్న గుంటూరులో నలభై ఏళ్లు తాపీ మేస్త్రీగా పనిచేశారు. చేతిలో తాపీ, నోట్లో బీడీ. మూత్రంలో రక్తం కనబడితే వేడి చేసిందనుకుని రెండు నెలలు మజ్జిగతో నెట్టుకొచ్చారు. నొప్పి లేదు కదా అని మేమూ ఊరుకున్నాం. మీరు అలా ఊరుకోకండి. నొప్పి లేకుండా ఒక్కసారి రక్తం పడినా యూరాలజిస్టు దగ్గరకు వెళ్లండి.

కొత్తపేటలో స్కానింగ్ తీయిస్తే మూత్రాశయంలో గడ్డ ఉందన్నారు. మూత్రనాళం గుండా పరికరం పంపి దాన్ని గీకి తీశారు. ఈ ఆపరేషన్‌ను టీయూఆర్‌బీటీ అంటారు. గడ్డ క్యాన్సరేనని బయాప్సీ రిపోర్టు రాగానే నాన్న అడిగింది ఒక్కటే: "గోడలోకి దిగిందా?"

సరైన ప్రశ్న అదే. మూత్రాశయం గోడకు లోపలివైపు సున్నం పూత లాంటి పలుచని పొర ఉంటుంది. క్యాన్సర్ సాధారణంగా అక్కడే పుడుతుంది. పొరలోనే ఉంటే రిపోర్టులో టీఏ అని రాస్తారు. దాని కింది మెత్తని పొరలోకి దిగితే టీ1. ఇటుక లాంటి కండరంలోకి వెళ్తే టీ2, దాన్ని దాటి బయటి కొవ్వులోకి పోతే టీ3, ప్రొస్టేట్, గర్భసంచి లాంటి పక్క అవయవాలను పట్టుకుంటే టీ4. టీఐఎస్ అని ఉంటే మాత్రం పైపైనే ఉందని తేలిగ్గా తీసుకోకండి. అది గోడకు అంటుకుని చదునుగా పాకే రకం, ముదిరే స్వభావం ఎక్కువ.

ఇక అసలు మాట. రిపోర్టులో "డిట్రూసర్ మజిల్" లేదా "మస్క్యులారిస్ ప్రొప్రియా" ఎక్కడ ఉందో వెతకండి. రెండూ ఆ కండరం పేర్లే. తీసిన ముక్కల్లో కండరం ఉందా, ఉంటే అందులో క్యాన్సర్ ఉందా అని అక్కడ రాస్తారు. నాన్న మొదటి రిపోర్టులో టీ1, హై గ్రేడ్ (దూకుడుగా పెరిగే రకం) అని ఉంది, కండరం ముక్కే లేదు. ఇటుక దాకా తవ్వకుండా చెమ్మ ఇటుకలోకి దిగలేదని ఎలా చెప్తాం? ఇలాంటప్పుడు రెండు నుంచి ఆరు వారాల్లోపు మళ్లీ గీకి చూడాలి. ఆ మాట మాకెవరూ చెప్పలేదు. విజయవాడలో రెండో డాక్టరు గారికి చూపిస్తేనే తెలిసింది.

కండరంలోకి దిగితే ఎందుకంత టెన్షన్ అంటే, అక్కడి నుంచి లింఫ్ నాళాలు, రక్తనాళాల్లోకి చేరే అవకాశం బాగా పెరుగుతుంది. లింఫ్ దారిలో వెళ్తే ముందు పొత్తికడుపులోని లింఫ్ గ్రంథుల్లో ఆగుతుంది. రక్తం దారి పడితే ఎక్కువగా ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలకు చేరుతుంది. కండరంలో ఉందని తేలితే పొట్టతో పాటు ఛాతీ సీటీ కూడా చేయిస్తారు. ఎముకల్లో నొప్పి ఉంటే ఆ సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, బోన్ స్కాన్ అవసరమో లేదో చూస్తారు.

నాన్న రెండో రిపోర్టులో కండరం ఉంది, అందులో క్యాన్సర్ లేదు. వారానికొకటి చొప్పున ఆరు వారాలు మూత్రాశయంలోకి బీసీజీ మందు ఎక్కించారు. ఇప్పుడు మూడు నెలలకోసారి సిస్టోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో మూత్రాశయం లోపల చూడడం. ఇది తిరగబెట్టే జబ్బు కాబట్టి తర్వాతి తేదీని క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి పెట్టాను. బీడీ కట్ట ఇంట్లో లేకుండా చేశాం. రెండో అభిప్రాయానికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, ల్యాబులో అడిగి స్లైడ్లు (ముక్కల పలుచని పొరలున్న గాజు పలకలు), బ్లాకులు (ముక్కలు ఉంచిన మైనపు దిమ్మలు) కూడా తీసుకెళ్లండి.