చైనా కుంచె బొమ్మకు ముందు స్కెచ్ ఎలా వేసుకోవాలి?

పెన్సిల్‌తో లేతగా గీసుకుని, రంగులేసి, గీతల్ని రబ్బరుతో తుడిచేయడం మనకు బడి నుంచీ అలవాటు. చైనా బొమ్మకు ఆ పద్ధతి కుదరదు. అక్కడి షుయాన్ కాగితం బాగా మెత్తన, రబ్బరు పెట్టి రుద్దితే నూగు లేస్తుంది. పడిన సిరా చెరగదు. అందుకే స్కెచ్ వేరే కాగితం మీద, ముందే పూర్తి కావాలి. తామర పువ్వుతో మొదలుపెడదాం.

ముందు చెరువు గట్టున కూర్చోండి. ఎదురుగా చూస్తూ గీయడాన్ని చైనాలో 'శియేషెంగ్' అంటారు, అంటే ప్రాణాన్ని రాయడం. సాంగ్ రాజవంశ కాలపు చిత్రకారుడు ఝావో చాంగ్ పొద్దున్నే మంచు ఆరకముందు పూల చుట్టూ తిరిగి, చేతిలోనే రంగులు కలుపుకుని గీసేవాడట. నీడలు దిద్దకండి, గీత ఒక్కటే చాలు. రేక ఎక్కడ ఒంపు తిరిగింది? కాడ ఆకు నడిమధ్యకు ఎలా అతుక్కుంది? మొగ్గను, విచ్చిన పువ్వును, రేకలు రాలిన కాయను విడివిడిగా గీయండి. పదో శతాబ్దంలో హువాంగ్ చువాన్ కూడా పక్షుల్నీ పురుగుల్నీ తాబేళ్లనీ ఇలాగే పట్టు మీద విడివిడిగా గీసి, నేర్చుకోమని కొడుక్కి ఇచ్చాడు. అది బీజింగ్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. నా దృష్టిలో అంతకు మించిన పాఠ్యపుస్తకం లేదు.

తర్వాత చిత్తుప్రతి, అంటే 'ఫెన్‌బెన్'. ఫెన్ అంటే పొడి. గోడబొమ్మల కోసం కాగితం మీది గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, పైనుంచి పొడి అద్ది, ఆ గీతల్ని గోడ మీదికి దించేవారు. వాయవ్య చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో అలాంటి కాగితాలు దొరికాయి. మీరు అసలు బొమ్మ ఎంతో అంత కాగితం మీద బొగ్గుతో గీయండి. తప్పు గీత గుడ్డతో దులిపితే పోతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో చింతపుల్ల బొగ్గు చేసే పనీ ఇదే. నీళ్లు గీయకండి, వదిలిన ఖాళీయే చెరువు.

ఇప్పుడు పటిక, జిగురు పట్టించిన షుయాన్ కాగితాన్ని చిత్తుప్రతి మీద పరచండి. కింది గీతలు కనిపిస్తాయి. సన్న కుంచెను నిటారుగా పట్టుకుని, రేకలకు పలచటి సిరాతో, ఆకులకూ కాడలకూ చిక్కటి సిరాతో గీయండి. ఇక్కడే ఆపినా అది 'బైమియావో', రంగు లేకుండానే నిండైన బొమ్మ.

పటిక పట్టించని కాగితం మీద భావాన్ని పట్టుకుంటూ స్వేచ్ఛగా వేసే 'శియేయీ' పద్ధతికి మాత్రం కింద ప్రతి ఉండదు. జియాలింగ్ నది చూసి రమ్మని చక్రవర్తి పంపితే, చిత్రకారుడు వు దావోజీ ఉత్త చేతులతో తిరిగొచ్చి, ప్రతి లేదు, అంతా మనసులో ఉందన్నాడనీ, మూడు వందల 'లీ'ల (లీ అంటే చైనా దూరపు కొలత) దూరాన్ని ఒక్కరోజులో గోడకెక్కించాడనీ తాంగ్ రాజవంశ కాలపు కథ. మనం అదే తామరను ఇరవై సార్లు గీసి, స్కెచ్ పుస్తకం మూసి కుంచె పట్టుకోవాలి. చేయి ఎక్కడ తడబడిందో గుర్తుపెట్టుకోండి. మళ్లీ గట్టుకెళ్లి ఆ ఒక్క భాగమే గీయండి.