భోషాణాన్ని టీపాయిగా మార్చే ముందు జాగ్రత్తలు

ముందు పెట్టెను పక్కకి వాల్చి అడుగు చెక్క చూడండి. పిండిలా సన్నటి పొడి రాలుతోందంటే పుచ్చుపురుగు ఇంకా బతికే ఉండొచ్చు. మందు పట్టించకుండా పాలిష్ జోలికి వెళ్లొద్దు. 2024 బుడమేరు వరదలో నానిన పెట్టెనైతే బెజవాడ ఎండలో పెట్టకండి, పలకలు పగులుతాయి. ఇటుకల మీద ఎత్తి, నీడలోనే ఆరాలి.

పాత రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దకుండా తడిపి, ఎన్-95 మాస్కు పెట్టుకుని రుద్దండి.

ఇత్తడి పట్టీలు ఊడదీసేముందు ఫొటో తీసుకోండి. చింతపండుతో తోమడం విడిగా తీశాకే. పులుపు ఇనుప మేకులకు తగిలితే చెక్క మీద నల్లమచ్చ పడుతుంది, అది ఓ పట్టాన పోదు.

అసలు భయం మూతతోనే. అది దభాలున పడకుండా పట్టి ఉంచే స్టే (ఊత పట్టీ) రెండు వైపులా బిగించండి. పాత గొళ్లెం తీసేయండి: దాగుడుమూతల్లో పిల్లాడు లోపల దూరితే గాలాడదు. వెనక పలకకు నాలుగైదు రంధ్రాలు కూడా పెట్టించండి.