మోసుకెళ్లే రైలు లేఅవుట్ – 3వ భాగం: తేలికైన పెట్టె, గట్టి చివరలు

గత భాగంలో మాడ్యూల్ (పక్కదానితో కలిపి బిగించే మోడల్ రైలు లేఅవుట్ ముక్క) కొలతలు తేల్చుకున్నాం. పొడవు 1200 మి.మీ., వెడల్పు 450 మి.మీ., మధ్యలో ఒకే ట్రాక్. స్కేల్ హెచ్‌ఓ, అంటే 1:87, అసలు రైలులో 87వ వంతు. ఈ భాగంలో ఆ ట్రాక్ కింద ఉండే పెట్టె కడదాం. కాళ్ల జోలికి, వైరింగ్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

చాలామంది భయం కొద్దీ మందపాటి పలకతో మొదలుపెడతారు. 18 మి.మీ. ప్లైవుడ్‌ను మన కొలతకు కోస్తే పై పలక ఒక్కటే 6 కిలోలు దాటుతుంది. దానికి ఫ్రేమ్, కొండలు, ఇళ్లు తోడయ్యాక ఒక్క మనిషి మెట్ల మీద మోయడం కష్టం. మోయలేని మాడ్యూల్ ఇంట్లోనే ఉండిపోతుంది. మనం కట్టే పెట్టె, పైన పలకకు బదులు పరిచే ఫోమ్‌తో కలిపి సుమారు 4 కిలోలే ఉంటుంది.

ఇంత తేడా ఎలా వస్తుందంటే, వంగకుండా ఆపేది పలక నిలువు ఎత్తు. ప్లాస్టిక్ స్కేలును పడుకోబెట్టి వంచితే వంగుతుంది, అంచు మీద నిలబెడితే వంగదు. నిలువు ఎత్తు రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. అందుకే పక్క పలకలకు 6 మి.మీ. ప్లైవుడ్ చాలు, కానీ ఎత్తు మాత్రం 150 మి.మీ. ఉండాలి. పై పొర నార పొడవు వెంట నడిచేలా కోయించండి.

చివరి పలకల దగ్గర మాత్రం పొదుపు వద్దు. పక్క మాడ్యూల్‌తో కలిసేది ఇక్కడే. ఇక్కడ అర మిల్లీమీటరు తేడా వచ్చినా చక్రం పట్టా దిగుతుంది. 12 మి.మీ. ప్లైవుడ్‌లో 450 × 150 ముక్కలు రెండు తీసుకోండి. రెండింటినీ క్లాంపుతో ఒకటిగా బిగించి, అంచులు సమానం చేసి, ఒకేసారి డ్రిల్ చేయండి. ముందు ట్రాక్ మధ్యరేఖ గీసి, దానికి ఇరువైపులా 150 మి.మీ. దూరంలో, పై అంచు నుంచి 100 మి.మీ. కిందికి ఒక్కో రంధ్రం గుర్తించాలి. ఎత్తు కొలత ఎప్పుడూ పై అంచు నుంచే తీయండి, ఎందుకంటే పట్టాల ఎత్తును నిర్ణయించేది ఆ అంచే. రంధ్రాలు మధ్యరేఖకు సరిసమానంగా ఉంటే మాడ్యూల్‌ను అటుదిటు తిప్పినా పక్కదానితో కలుస్తుంది. 8 మి.మీ. బోల్టుకు 10 మి.మీ. రంధ్రం వేయండి. ఆ కాస్త వదులు ఉంటేనే, బిగించే ముందు పట్టాల కీలు మీద వేలు రాసి చూస్తూ రెండు మాడ్యూల్స్‌నూ సరిచేయగలం. తర్వాత కట్టబోయే మాడ్యూల్స్ కోసం ఇదే కొలతతో ఇంకో పలక చేసి దాచుకోండి. ప్రతిసారీ టేపుతో కొత్తగా కొలిస్తే చిన్న చిన్న తేడాలు పేరుకుపోతాయి.

పక్క పలకలు చివరి పలకల మధ్యలో కూర్చుంటాయి కాబట్టి వాటి పొడవు 1176 మి.మీ. 6 మి.మీ. ప్లైవుడ్ అంచులోకి స్క్రూ దించితే పొరలు విడిపోతాయి. అందుకని నాలుగు మూలల్లోనూ 20 × 20 చెక్క దిమ్మెలను, 100 మి.మీ. ఎత్తువి, కింది అంచుకు సమంగా జిగురుతో అతికించండి. మామూలు తెల్ల చెక్క జిగురు సరిపోతుంది. మధ్యలో రెండు అడ్డపట్టీలు వస్తాయి: 438 మి.మీ. పొడవు, 100 మి.మీ. ఎత్తు. వాటి నడుమ భాగంలో 50 మి.మీ. రంధ్రాలు కోయవచ్చు. వంపు వల్ల వచ్చే ఒత్తిడి పై, కింది అంచుల్లో ఎక్కువ, మధ్యలో తక్కువ కాబట్టి బలం పెద్దగా పోదు. రేపు వైర్లు వెళ్లేది కూడా ఈ దారినే.

జిగురు ఆరకముందే మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండూ 1281, 1282 మధ్య ఒకే అంకె చూపించాలి. తేడా ఉంటే పొడవున్న మూలలను మెల్లగా లోపలికి నొక్కండి. తర్వాత రెండు చివరల మీద వంకర లేని రెండు కర్రలు అడ్డంగా పెట్టి, వాటి మట్టానికి వంగి ఒకదాని మీదుగా ఇంకోదాన్ని చూడండి. రెండూ సమాంతరంగా కనిపించకపోతే ఫ్రేమ్ మెలి తిరిగినట్టు. ఆరిపోయాక దీన్ని సరిచేయడం చాలా కష్టం, ఓపిగ్గా ఇప్పుడే చూసుకోండి.

ఇక ఫోమ్. పూసలు రాలే తెల్ల థర్మాకోల్ కాకుండా, ఒత్తుగా ఉండే ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్) షీట్ 50 మి.మీ. మందంలో తీసుకోండి. పక్క పలకల లోపల, పై అంచుకు 50 మి.మీ. కింద, 12 × 12 బద్దలు అతికించండి. అడ్డపట్టీలు వచ్చే చోట బద్దను ఆపేయాలి. ఫోమ్‌ను 1176 × 438 కొలతకు పదునైన పొడవాటి బ్లేడుతో కోసి, ఆ బద్దల మీద, దిమ్మెల మీద, పట్టీల మీద కూర్చోబెడితే దాని పై తలం చివరి పలకలతో సమంగా వస్తుంది.

ఊరికే కూర్చోబెట్టి వదిలేయొద్దు. నాలుగు అంచులకూ, కింద ఆనే ప్రతిచోటా జిగురు పట్టించాలి. పైనా కిందా తెరిచి ఉన్న ఫ్రేమ్ సులువుగా మెలి తిరుగుతుంది. ఫోమ్ చుట్టూ అతుక్కున్నాక ఆ మెలికను అదే ఆపుతుంది. నా దృష్టిలో ఈ పెట్టెలో ముఖ్యమైన పని ఇదే. సాల్వెంట్ కలిసిన జిగుళ్లు, స్ప్రే పెయింట్లు ఎక్స్‌పీఎస్‌ను తినేస్తాయి, ముందు తుక్కు ముక్క మీద పరీక్షించండి. ఉబ్బే పాలీయురేథేన్ జిగురు వాడితే మాత్రం ఆరేదాకా పైన బరువులు పెట్టండి, లేకపోతే ఫోమ్ పైకి లేస్తుంది.

చివరగా ప్లైవుడ్‌కు లోపలా బయటా రెండు వైపులా వార్నిష్ కొట్టండి. ఒకవైపే కొడితే రెండోవైపు తేమ పీల్చి పలక వంకర తిరుగుతుంది.

ఆరాక ఒక మూల కింద పెన్సిల్ పెట్టి, పైకి లేచిన పక్క మూలను నొక్కి చూడండి. పెట్టె మెలి తిరగకుండా మొత్తంగా ఊగితే జిగురు బాగా పట్టినట్టే. చివరల్లో పట్టాలను ఫోమ్ పట్టి ఉంచలేదు కాబట్టి, వాటిని చివరి పలకకు ఇత్తడి స్క్రూలతో ఎలా బిగించి టంకం వేయాలో 4వ భాగంలో చేద్దాం. అందుకు చిన్న ఇత్తడి స్క్రూలు ఎనిమిది, కార్క్ షీటు ఒకటి సిద్ధం చేసుకోండి.